ఆన్‌లైన్ ఆర్కిడ్ నర్సరీ రివ్యూ: బ్లూ వాండా అన్నారు, మూడేళ్ళకి ఏం పూసిందో చూడండి

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి రెండు. ఒక స్టార్ ప్యాకింగ్‌కి, ఇంకో స్టార్ వీళ్ళ దగ్గరే కొన్న డెండ్రోబియం సోనియా అనే ఆర్కిడ్‌కి, అది మాత్రం ఐదు నెలల్లో ఫొటోలో ఉన్న రంగులోనే పూసింది. నర్సరీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఈ పని వీళ్ళొక్కళ్ళే చేయట్లేదు, పేరు రాస్తే మిగతావాళ్ళంతా మంచోళ్ళనుకుంటారు. ఆన్‌లైన్‌లో వాండా అనే ఆర్కిడ్ రకం కొనేవాళ్ళకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, మూడేళ్ళ కథ మరి.

2022 ఆగస్టులో ఆర్డర్ పెట్టా. లిస్టింగ్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా, "బ్లూ వాండా, వాండా సెరూలియా, నియర్ బ్లూమింగ్ సైజ్", 1,150 రూపాయలు, షిప్పింగ్ 180 అదనం. ఫొటోలో పువ్వు ఎంత నీలంగా ఉందంటే బకెట్‌లో ఉజాలా వేసి ముంచి తీసినట్టుంది. అక్కడే ఆగాల్సింది నేను. సెరూలియా అంటే బ్లూ వాండా శాస్త్రీయ పేరే, అసలు దాని పువ్వు అంత ముదురు నీలం ఉండదు, లేత నీలం, కొంచెం లావెండర్ కలిసి, దాని మీద ముదురు గీతలు వలలాగా ఉంటాయి. మాల్స్‌లో అమ్మే నీలం ఫలెనాప్సిస్ ఆర్కిడ్ గురించి తెలుసు కదా, తెల్లపూల మొక్క కాడలోకి రంగు ఎక్కిస్తారు, మళ్ళీ పూసినప్పుడు శుభ్రంగా తెల్లగా వస్తుంది. అది తెలిసి కూడా ఇక్కడ పడిపోయా. ఎర్ర చుక్కల సేల్ బ్యానర్ చూస్తే నా బుర్ర పనిచేయదు.

ప్యాకింగ్ దగ్గర మాత్రం వంక పెట్టడానికి లేదు. నాలుగు రోజుల్లో వచ్చింది, చిల్లులు పెట్టిన అట్టపెట్టె, వేళ్ళ చుట్టూ తడి నాచు, ఆకులకి న్యూస్‌పేపర్, ఒక్క ఆకు కూడా విరగలేదు. తెల్ల ప్లాస్టిక్ ట్యాగ్ మీద మార్కర్‌తో పేరు. ఆ మార్కర్ ఒక్క ఎండాకాలానికే వెలిసిపోయింది, మర్చిపోతానేమో అని కొత్త ట్యాగ్ మీద పెన్సిల్‌తో నేనే మళ్ళీ రాశా. ఇది అందరికీ చెప్తా, మొక్కల ట్యాగ్‌కి పెన్సిల్‌ని మించింది లేదు, ఎండకీ పోదు, నీళ్ళకీ పోదు. అంత బాగా నిలిచే అక్షరాలతో తప్పు పేరుని నా చేత్తో నేనే దిద్దుకున్నా అన్నమాట.

పెట్టె విప్పిన రోజే మొక్క చాలా చెప్పింది, నాకే వినిపించలేదు. తొమ్మిది ఆకులు, సన్నగా, మధ్యలో మడతపెట్టినట్టు ఇంగ్లీష్ వీ అక్షరంలా. సెరూలియా ఆకులు ఇంతకంటే వెడల్పుగా, పట్టీల్లా ఉంటాయి, కానీ చిన్నమొక్క కదా ఇంకా పెరగాలేమో అనుకున్నా. వేళ్ళు నాలుగైదు ఉన్నాయి, పాత వేళ్ళు ఒకవైపు బల్లపరుపుగా నొక్కేసినట్టు ఉన్నాయి, ఒకదానికి గోధుమరంగు బెరడు పెచ్చు అతుక్కుని ఉంది. గాల్లో వేలాడుతూ పెరిగిన వాండా వేరు గుండ్రంగా ఉంటుంది, దేన్నైనా కరుచుకుని పెరిగితేనే అలా ఒకవైపు చదునౌతుంది. ఓహో చెక్క ముక్క మీద పెంచారు కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఆ పెచ్చు సంగతి మళ్ళీ చివర్లో వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మాది నిజాంపేట్‌లో నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ. చెక్క బుట్టలో నాలుగు బొగ్గు ముక్కలు వేసి వేలాడదీశా. సెరూలియా అంటే ఖాసీ కొండలు, అటు ఈశాన్యం వైపు చల్లటి చోట్ల పుట్టిన మొక్క, 1837లో గ్రిఫిత్ అనే ఆయన ఖాసీ కొండల్లో చూసి బయటి ప్రపంచానికి చెప్పాడు, హైదరాబాద్ మే నెల దానికి నరకం. అందుకని షేడ్ నెట్ ఒకటి కాదు రెండు పొరలు కట్టా, పొద్దున్నే పావుగంట బకెట్ నీళ్ళలో వేళ్ళు నానబెట్టడం, ఎండాకాలం సాయంత్రం ఇంకోసారి తడపడం, బోరు నీళ్ళు గట్టివని సగం ఆర్‌వో నీళ్ళు కలపడం, వారానికోసారి లీటరుకి గ్రాము 19:19:19 ఎరువు, ఊరెళ్తే పక్కింటి ఆంటీకి డ్యూటీ షీట్ రాసి ఇవ్వడం. మా ఆయన అయితే నాకు కూడా ఆర్‌వో నీళ్ళే ఇస్తున్నావా లేదా అని అడిగేవాడు. ఇంత చేస్తే మొక్క ఆకులు వేసింది, కొత్త వేళ్ళు తోసింది కానీ పువ్వు లేదు. ఇప్పుడర్థమైంది, దానికి కావాల్సింది ఎండ, నేనేమో చలికొండల మొక్క అని నీడలో కూర్చోబెట్టా. 2024 మే నెలలో ఆ నెట్ గాలివానకి చిరిగిపోయింది, బద్ధకించి మళ్ళీ కట్టలేదు, నలభై డిగ్రీలు దాటిన ఎండకి పక్కన ఫెర్న్ మాడి మసైపోతే ఇది మాత్రం కులాసాగా ఉంది. అది రెండో క్లూ. అది కూడా నా పెంపకం గొప్ప అనుకుని వదిలేశా.

2025 ఏప్రిల్‌లో ఆకు సందులోంచి పచ్చగా ఏదో పొడుచుకొచ్చింది. వాండా పెంచేవాళ్ళకి ఈ టెన్షన్ తెలుసు, వేరా, పూలకాడా? వేరైతే కొన గుండ్రంగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది, కాడైతే కొన దగ్గర చిన్న చిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి కప్పినట్టు ఉంటాయి. ఐదురోజులు టార్చ్ వేసి చూశా, కాడే! ఇంట్లో పాయసం ఒక్కటే తక్కువ. అసలు సెరూలియా వానాకాలం చివర్నించి చలికాలం దాకా పూస్తుంది, ఏప్రిల్‌లో కాడ వేయడమేంటి అని డౌట్ రావాలి కదా, రాలేదు. ఏడు మొగ్గలు. పచ్చగా ఉన్నాయి, తర్వాత కొంచెం తెల్లబడ్డాయి, నేను రోజూ ఫొటో తీసి మా అక్కకి పంపడం, తను "ఇంకా నీలం రాలేదేంటే" అనడం.

మే రెండో వారంలో ఒక పొద్దున్న మొదటి పువ్వు విచ్చుకుంది. వెనకవైపు తెలుపు, లోపల ఆవాల పొడి రంగులాంటి పసుపుపచ్చ, దాని నిండా గోధుమరంగు గళ్ళు, మధ్యలో నాలుకలా ముందుకొచ్చే రేక ఉంటుంది చూడండి, ఆర్కిడ్స్‌లో దాన్ని లిప్ అంటారు, అది మాత్రం చక్కటి ఊదారంగు. ఇంకా వాసన, బాబోయ్, పండిన నల్లద్రాక్ష గుత్తి బాల్కనీలో పెట్టినట్టు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయా. బాధగా ఉందో ఆనందంగా ఉందో తెలీలేదు. అందంగా ఉంది కానీ నీలం ఎక్కడ?

అప్పుడు మొదలైంది అసలు పని. ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే "వాండా" వరకు చెప్పింది, ఆ ముక్క నాకూ తెలుసు. డిగ్రీలో మాకు బోటనీ చెప్పిన మేడమ్ నంబర్ ఉంది, ఆవిడకి పంపితే ఆవిడ నన్ను ఇంకా సెకండియర్ స్టూడెంట్ లాగే "ముందు నుంచి తీసిన అందమైన ఫొటో నాకెందుకమ్మా, పక్కనుంచి తియ్యి, లిప్ దగ్గరగా తియ్యి, ఆకు కొన తియ్యి, పక్కన స్కేలు పెట్టు" అని నాలుగు మొట్టికాయలు వేశారు. స్కేలు పెట్టాకే చాలావరకు తేలిపోయింది, పువ్వు నాలుగున్నర సెంటీమీటర్లు. సెరూలియా పువ్వు అరచేతిలో సగం ఉంటుంది, ఏడు నుంచి పది సెంటీమీటర్లు. మొదటి పూత చిన్నదే రావచ్చు కదండీ అన్నా. రావచ్చు, పువ్వులు తక్కువ రావచ్చు, రంగు లేతగా రావచ్చు, చలి తగలకపోతే నీలం పాలిపోవచ్చు కూడా, కానీ లిప్ ఆకారం మాత్రం మొక్క మార్చుకోదు, రంగు చూసి పేరు పెట్టకు, ఆకారం చూసి పెట్టు అన్నారు. మూడేళ్ళలో నాకు దొరికిన అసలు పాఠం ఈ ఒక్క వాక్యమే.

ఆ ఆకారం సంగతి చెప్తా, మీ ఇంట్లో డౌట్ వాండా ఉంటే పక్కన పెట్టుకుని చూసుకోండి. సెరూలియాలో లిప్ చిన్నది, సన్నగా, ముదురు నీలంగా ఉంటుంది, పక్క రేకులు మొదలు దగ్గర మెలితిరిగి ఉంటాయి, ఎవరో పట్టుకుని తిప్పినట్టు. నా మొక్కలో లిప్ వయొలిన్ ఆకారం, నడుం దగ్గర నొక్కి కింద మళ్ళీ వెడల్పయ్యి, కొన దగ్గర చిన్న గంటు. రేకుల అంచులు అలలు అలలుగా, వెనక తెలుపు. ఆకులు సన్నగా వీ మడత, కొన ఎవరో కొరికినట్టు పళ్ళు పళ్ళుగా. అన్నీ కలిపితే వాండా టెస్సెలేటా. టెస్సెలేటా అంటేనే గచ్చు మీద రాళ్ళు పరిచినట్టు గళ్ళు గళ్ళుగా ఉన్నది అని అర్థం. దీనికే పాత పేరు వాండా రాక్స్‌బర్ఘియై.

ఇక్కడ ఒక విషయం, నా అదృష్టం ఏంటంటే ఇది అచ్చమైన జాతి మొక్క కాబట్టి పేరు దొరికింది. అదే హైబ్రిడ్ అయ్యుంటే, ట్యాగ్ పోయినా తప్పు పడినా ఇంక అంతే సంగతులు, పువ్వు ఎంత పోలినా ఇది ఫలానా క్రాస్ అని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు, ఒకే రకంగా కనపడే క్రాసులు బోలెడు. అలాంటివాటిని ఆర్కిడ్ జనాలు నోఐడీ అంటారు, జీవితాంతం నోఐడీనే. హైదరాబాద్‌లో నీలం వాండా కావాలంటే కొనాల్సింది కూడా హైబ్రిడ్డేనట, వాండా రోత్‌స్చైల్డియానా అని 1931లో రిజిస్టర్ అయింది ఒకటుంది, సెరూలియాకీ శాండెరియానా అనే ఇంకో వాండాకీ పుట్టింది, వేడికి కాస్త తట్టుకుంటుంది. ఈ మాట నర్సరీవాళ్ళు లిస్టింగ్‌లో ఒక్క లైన్ రాసుంటే నేను మొదటే దానికే వెళ్ళేదాన్ని.

సరే, ఫొటోలన్నీ పెట్టి నర్సరీకి మెసేజ్ చేశా. రెండు రోజులకి రిప్లై, "మేడమ్ ఫస్ట్ బ్లూమింగ్‌లో కలర్ సెట్ అవ్వదు, సెకండ్ టైమ్ పక్కా బ్లూ వస్తుంది." లిప్ గురించి, సైజు గురించి మొత్తం రాశా. అప్పుడు ఇంకో మనిషి వచ్చి "గళ్ళు ఉన్నాయి కదా మేడమ్, సెరూలియాకి కూడా గళ్ళుంటాయి." ఇది చూడండి, సగం నిజం. సెరూలియాకి గళ్ళుంటాయి, నిజమే, పులికీ పిల్లికీ మీసాలున్నాయి, అదీ నిజమే. వాదించే ఓపిక లేక రిఫండ్ అడిగితే "మా రిటర్న్ విండో 7 డేస్ మేడమ్" అన్నారు. వాండా పూయడానికి రెండేళ్ళూ మూడేళ్ళూ పడుతుందని వాళ్ళ లిస్టింగ్‌లోనే రాశారు, ఏడు రోజుల్లో నేను దాని పువ్వు ఎలా చూడాలో అది రాయలేదు. చివరికి 200 రూపాయల కూపన్ ఇచ్చారు, దాని గడువు నెల. వాడలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి, పేరు తప్పు పడటం ఏ నర్సరీలోనైనా జరుగుతుంది. పువ్వు లేని వాండాలు పది వరుసగా వేలాడుతుంటే పనివాళ్ళు ట్యాగ్ ఒకదానిది ఒకదానికి పెట్టేస్తారు, అది నాకు తెలుసు. "సారీ, కలిసిపోయింది" అని ఒక్క మాట అనుంటే మూడు స్టార్లు ఇచ్చేదాన్ని, నిజంగా. రెండోసారి నీలం వస్తుందని చెప్పి ఇంకో ఏడాది నన్ను కూర్చోబెట్టాలని చూశారు చూడండి, దానికి కోపం.

ఇప్పుడు మా మావయ్య. మాది పెద్దాపురం పక్కన ఊరు, మా చిన్న మావయ్య మామిడితోటలు కౌలుకి చేస్తాడు. ఫ్యామిలీ గ్రూప్‌లో గర్వంగా పువ్వు ఫొటో పెట్టా, మొదటి వాండా పువ్వు అని. పది నిమిషాలకి మావయ్య వాయిస్ మెసేజ్, "ఏమ్మా, ఇది కోడికాళ్ళ బదనిక కదే, మన సువర్ణరేఖ చెట్ల మీద కుప్పలు కుప్పలుంటది, ఏటా గీకి పారేస్తాం, దీన్ని కుండీలో పెట్టావేంటి?" వెనకాల అత్తయ్య నవ్వు. 1,150 అని చెప్పలేదు నేను, 200 అని చెప్పా. దానికే "బుద్ధుందా, ఆ డబ్బులు నాకిస్తే బస్తా పంపేవాణ్ణి" అన్నాడు.

అవునండీ, కోడికాళ్ళ బదనిక! వేళ్ళు కోడి కాళ్ళలా కొమ్మని పట్టుకుంటాయి కదా. చిన్నప్పుడు సెలవుల్లో ఆ తోటలోనే పడి ఉండేవాళ్ళం, ఆ చెట్లెక్కి దిగాం, ఎప్పుడూ తలెత్తి దాని పువ్వు చూసిన గుర్తు లేదు, కాయల మీదే కళ్ళు. పాపం దీనికి బదనిక పేరు కూడా అన్యాయంగా వచ్చిందే. అసలు బదనిక వేరే ఉంది, మామిడి కొమ్మలోకి వేరు దించి చెట్టు సారం పీల్చేస్తుంది, దాన్ని నరకాల్సిందే. ఈ వాండా చెట్టుని పట్టుకుని కూర్చుంటుంది తప్ప చెట్టు దగ్గర ఏమీ తినదు, గాల్లో తేమ, వాన నీళ్ళు, బెరడు మీద పేరుకున్న చెత్త, అంతే దాని భోజనం. వేళ్ళ మీద తెల్లగా ఉండే పొర స్పాంజిలా నీళ్ళు లాక్కుంటుంది, తడిస్తే పచ్చగా మారుతుంది, రోజూ బకెట్ దగ్గర చూసేదే. మావయ్యకి ఇదంతా చెప్తే "కొమ్మ మీద ఉంటే బరువే కదమ్మా" అన్నాడు. రైతుతో వాదించి నెగ్గినవాళ్ళున్నారా.

ఇంకో తమాషా. పాత పేరులో ఉన్న రాక్స్‌బర్గ్ ఎవరా అని చూస్తే, ఆయనో వృక్షశాస్త్రవేత్త, 1780ల్లో ఆయన ఉన్నది సామర్లకోటలో! మా ఊరికి ఆటోలో వెళ్ళేంత దూరం. అక్కడ తోట వేసుకుని మన వైపు మొక్కలన్నీ బొమ్మలు గీయించి, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళిపోయాడు. 1795లో ఈ మొక్కకి ఎపిడెండ్రం టెస్సెలేటం అని మొదట పేరు పెట్టింది ఆయనే, తర్వాత దాన్ని వాండాలో కలిపారు. వాండా అన్న మాట కూడా ఎక్కడిదో కాదు, సంస్కృతం. అంటే మా తాలూకా మొక్క, మన దేశం మాట, దాన్ని సెరూలియా అని తప్పు పేరు పెట్టి పెట్టెలో పెట్టి నాకే అమ్మారు, నేను షిప్పింగ్ కూడా కట్టా.

నవ్వులాట అయ్యాక ఆ బెరడు పెచ్చు గుర్తొచ్చింది. పాత ఫొటోలు తీసి చూశా, చదునైన వేళ్ళు, పెచ్చు, మొదలు దగ్గర ఎండిపోయిన పాత కాండం మొద్దు. మేడమ్‌కి చూపిస్తే "ల్యాబ్‌లో సీసాలో మొలిచి ట్రేల్లో పెరిగిన మొక్కకి బెరడు ఎక్కడిదమ్మా" అని మాత్రం అన్నారు. ఏ చెట్టు మీంచి పీకారో నాకు తెలీదు, తోటలోదో అడవిలోదో, నర్సరీవాళ్ళకి తెలుసో వాళ్ళకి సరఫరా చేసినవాడే మోసం చేశాడో కూడా తెలీదు. అడిగితే "మా సప్లయర్ దగ్గర్నించి మేడమ్" అని ఆగిపోయారు. కానీ నర్సరీలో పెంచింది అని రాసి అమ్మారు, అది మాత్రం నాకు అబద్ధంలాగే కనపడుతోంది.

పైగా నిజంగా సెరూలియా పంపుంటే ఇంకా పెద్ద ప్రశ్న. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జంతువులే కాదు మొక్కలకి కూడా ఒక లిస్టు ఉంది, ఇదివరకు అది షెడ్యూల్ ఆరుగా ఉన్నప్పుడు అందులో ఆరే ఆరు పేర్లు, ఒకటి ఈ బ్లూ వాండా, ఇంకోటి మన శేషాచలం వైపు పెరిగే సైకాస్ బెడ్డోమీ అనే మొక్క. వాటిని పెంచి అమ్మాలంటే లైసెన్స్ కావాలి, అడవి నుంచి పీకడం నేరం. ఎందుకింత గట్టి రూలు అంటే, పాతకాలం నుంచీ దాన్ని విపరీతంగా పీకారు, 1850లో హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త ఖాసీ కొండల నుంచి ఏడుగురు కూలీలు మోసేంత సెరూలియా ఇంగ్లండ్‌కి పంపితే కొన్నే బతికి చేరాయట. అంతా తెలిశాక నాకొచ్చింది నీలంది కాకపోవడమే నయమేమో అనిపించింది, కొనేటప్పుడు లైసెన్స్ గురించి అడగాలన్న ఆలోచన నాక్కూడా రాలేదు కదా.

కాబట్టి ఇలాంటి చోట్ల కొనాలనుకుంటే, పువ్వు ఫొటో కాదు, మీకు పంపబోయే మొక్క ఫొటో, ముఖ్యంగా వేళ్ళ ఫొటో అడగండి. చదునైన వేళ్ళు, బెరడు, నాచు కనిపిస్తే వదిలేయండి. వీలైతే పూతలో ఉన్న మొక్కే కొనండి, రెండొందలు ఎక్కువైనా సరే, పువ్వుని కళ్ళారా చూసి కొంటే ట్యాగ్ మీద ఏం రాసున్నా పర్లేదు. వీళ్ళ దగ్గర డెండ్రోబియంలు అయితే కొనొచ్చు, నాది ఇప్పటికి నాలుగుసార్లు పూసింది. వాండా మాత్రం వద్దు.

నా మొక్క సంగతా, చిరిగి వేలాడుతున్న షేడ్ నెట్ పూర్తిగా తీసేశా, ఆర్‌వో నీళ్ళు బంద్, బోరు నీళ్ళే, దానికేం తేడా తెలిసినట్టు లేదు. ఏడు పువ్వులూ దాదాపు మూడు వారాలు ఉన్నాయి. ట్యాగ్ మార్చా, పెన్సిల్‌తో ముందు కోడికాళ్ళ బదనిక, కింద చిన్నగా వాండా టెస్సెలేటా. మావయ్యకి ఫోన్ చేసి ఈ ఏడాది గీకొద్దు అని బతిమాలితే తోటంతా కుదరదు, బావి పక్కన ఒక్క చెట్టు వదిలేస్తా అన్నాడు, అది కూడా కాపు తగ్గిన ముసలి చెట్టు. వచ్చే ఏప్రిల్‌కి టికెట్ చూస్తున్నా.